పుస్తకంలో మంట, తెరమీద మంచు

అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో, మౌంట్ హుడ్ కొండ మీద టింబర్‌లైన్ లాడ్జ్ అని ఒక హోటల్ ఉంది. దర్శకుడు స్టాన్లీ కుబ్రిక్ 'ద షైనింగ్' అనే హారర్ సినిమా తీసినప్పుడు కథలోని హోటల్‌ను బయటి నుంచి చూపించడానికి దీన్నే వాడుకున్నాడు. హోటల్ వాళ్ళు ఒప్పుకున్నారు గానీ ఒక మెలిక పెట్టారు. సినిమాకు మూలమైన స్టీఫెన్ కింగ్ నవలలో దెయ్యం ఉండే గది నంబరు 217. ఆ లాడ్జిలో నిజంగానే 217 నంబరు గది ఉంది. రేపు సినిమా చూసినవాళ్ళెవరూ అందులో దిగకపోతే తమ గతేమిటని వాళ్ళ బెంగ. లాడ్జిలో లేని నంబరేదైనా పెట్టుకోమన్నారు. అలా 217 కాస్తా 237 అయింది. తీరా చూస్తే ఇప్పుడు అక్కడికొచ్చేవాళ్ళు అందరికంటే ఎక్కువగా అడిగి మరీ తీసుకునే గది 217 అట!

నవల చదివి సినిమాకు వెళ్ళే ప్రతివాడిలోనూ ఒక గుమాస్తా ఉంటాడు. చీకట్లో కూర్చుని పద్దు రాసుకుంటూ ఉంటాడు. గది నంబరు మార్చారు. కారు రంగు మార్చారు. పుస్తకంలో బతికినవాణ్ణి ఇక్కడ చంపేశారు. బయటికొచ్చి "నవల అంత లేదండీ" అని తీర్పు చెప్పేస్తాడు. చాలా ఏళ్ళు నేనూ ఆ గుమాస్తాగిరీ చేసినవాణ్ణే. హారర్ దగ్గరికొచ్చేసరికి ఆ పద్దు పనికిరాదని ఆలస్యంగా అర్థమైంది. హారర్ నవలకు మొదటి పని భయపెట్టడం. ఆ భయం సంఘటనల్లో ఉండదు, వాటి వెనక ఎక్కడో నక్కి ఉంటుంది. సంఘటనలన్నీ ఒక్కటీ పోకుండా తెరమీద పెట్టినా భయం పుస్తకంలోనే ఉండిపోవచ్చు. అలా జరిగింది కూడా. ఆ సంగతి చెప్పాలంటే ముందు 'షైనింగ్' నవలలో ఏముందో చూడాలి.

1977లో వచ్చిన ఆ నవలలో జాక్ టారెన్స్ అనే అతను ఉద్యోగం పోగొట్టుకున్న టీచరు. తాగుడు మానేశాడు. తాగుడు రోజుల్లో ఒకసారి కోపం పట్టలేక పసివాడైన కొడుకు చెయ్యి విరిచాడు. ఇప్పుడు కొలరాడో కొండల్లో చలికాలమంతా మూసి ఉండే ఓవర్‌లుక్ అనే పెద్ద హోటల్‌కు కాపలాదారుగా భార్య వెండీతో, ఐదేళ్ళ డానీతో వచ్చాడు. హోటల్ నేలమాళిగలో ఒక పాత బాయిలర్ ఉంది. దాన్ని వదిలేస్తే ఆవిరి ఒత్తిడి కొంచెం కొంచెంగా పైకి పాకుతుంది. రోజూ ఎవరో ఒకరు దిగి, ముల్లు ఎక్కడుందో చూసి, ఆవిరి వదలాలి. నవల మొదట్లోనే ఈ ముక్క చెప్పేస్తాడు కింగ్. తర్వాత మనం జాక్‌ను చూస్తున్నంతసేపూ ఆ ముల్లునే చూస్తుంటాం. మనిషి మంచివాడే. పెళ్ళాం పిల్లాడంటే ప్రాణం. కానీ ముల్లు పాకుతోంది. తాను తాగుడులో ఉన్న రోజుల్లోనే ఈ నవల రాశానని, తనకు తెలియకుండానే తన గురించి రాసుకున్నానని కింగ్ తర్వాత చెప్పుకున్నాడు. కాబట్టి ఈ పుస్తకంలో అసలు భయం దెయ్యాలది కాదు. రాత్రి నిద్రపుచ్చే చేతులే తెల్లారేసరికి మీదికి లేస్తాయేమోనన్నది పిల్లాడి భయం. ఆ చేతులు తనవేనన్నది తండ్రి భయం. చివర్లో హోటల్ పూర్తిగా ఆవహించిన జాక్ ఒక్క క్షణం మళ్ళీ నాన్న అవుతాడు. పారిపొమ్మని కొడుకుకు చెబుతాడు. ఆ గొడవలో బాయిలర్ సంగతి మరుగున పడుతుంది. అది పేలి హోటల్ తగలబడిపోతుంది.

1980లో వచ్చిన కుబ్రిక్ సినిమాలో ఆ బాయిలర్ గదిలో పని చేస్తూ కనిపించేది వెండీ! ఈ ఒక్క మార్పుతో కథ తిరిగిపోయింది. జాక్ వేషం వేసిన నటుడు జాక్ నికల్సన్ ఉద్యోగం ఇంటర్వ్యూకు వచ్చి నవ్వినప్పుడే మనకు అనుమానమొస్తుంది, ఇతనితో ఏదో తేడాగా ఉందని. పాకడానికి ముల్లు లేదు, అది మొదటి నుంచీ ఎర్రగీత దగ్గరే ఉంది. జాక్ కొడుకును తరుముతూ బయట మంచులో పొదల చిక్కుదారిలో ఇరుక్కుని గడ్డకట్టి చస్తాడు. హోటల్‌కు ఏమీ కాదు. పుస్తకం మంటతో ముగిస్తే సినిమా మంచుతో ముగుస్తుందని కింగే తేడా తేల్చాడు. ఆయనకు ఈ సినిమా ఏనాడూ నచ్చలేదు. చూడ్డానికి అద్భుతంగా ఉండి ఇంజిన్ లేని కాడిలాక్ కారుతో పోల్చాడు.

రచయితగా ఆయన బాధ న్యాయమే. తన బతుకులోంచి తీసిన తండ్రిని ఎవరో వచ్చి మొదటి సీన్‌కే పిచ్చివాణ్ణి చేస్తే ఎవరికైనా కడుపు మండుతుంది. కానీ ఇంజిన్ లేదన్న మాట ఒప్పుకోలేను. డానీ చిన్న మూడు చక్రాల సైకిల్ మీద హోటల్ నడవాల్లో తిరిగే సీన్ గుర్తు చేసుకోండి. కెమెరా వాడి వెనకే, వాడి ఎత్తులోనే పోతుంటుంది. చెక్క నేల మీద చక్రాలు గరగరమంటాయి. తివాచీ మీదికి ఎక్కగానే శబ్దం చటుక్కున ఆగిపోతుంది. మళ్ళీ చెక్క, మళ్ళీ గరగర. మళ్ళీ తివాచీ, నిశ్శబ్దం. అంతే. దెయ్యం లేదు, రక్తం లేదు. కానీ ప్రతి మలుపు దగ్గరా ఊపిరి బిగబడతాం. లేకపోతే వెండీ ఆ టైపు చేసిన కాగితాలు తిరగేసే సీన్. మొగుడు నెలల తరబడి పుస్తకం రాస్తున్నాడనుకుంటే వందల కాగితాల నిండా ఒకటే వాక్యం. ఇది నవలలో లేనే లేదు, నవలలో జాక్ ఒక నాటకం రాస్తుంటాడు. కుబ్రిక్ కింగ్ భయాన్ని తీసేశాడు, నిజమే. కానీ ఆ చోటు ఖాళీగా వదల్లేదు. మంచివాడు చెడిపోతాడేమోనన్న భయం పోయి, ఇక్కడ దేనికీ కారణం అంటూ లేదు, ఈ గోడలకు మనుషులతో పనే లేదు అన్న భయం వచ్చింది. అది చల్లటి భయం. నాకైతే సినిమా అయిపోయాక ఎక్కువసేపు వెంటాడింది అదే.

కింగ్ ఊరుకోలేదు. 1997లో టీవీ కోసం తనే స్క్రిప్టు రాసి, మిక్ గారిస్ దర్శకత్వంలో మూడు భాగాల సిరీస్‌గా 'షైనింగ్'ను మళ్ళీ తీయించాడు. కొలరాడోలో స్టాన్లీ హోటల్ అని ఉంది. 1974లో కింగ్ అక్కడ 217వ గదిలో బస చేసినప్పుడే నవలకు బీజం పడింది. షూటింగు కూడా ఆ హోటల్లోనే. రచయిత స్క్రిప్టు, అసలు హోటల్, కావలసినంత నిడివి. తండ్రి పతనం మెల్లగా చూపించారు, బాయిలర్ పేల్చారు. గుమాస్తా పద్దులో అన్నీ సరిపోయాయి. భయమే రాలేదు.

ఎందుకు రాలేదో ఒక్క చోట చూస్తే చాలు. నవలలో హోటల్ ముందు తోటలో జంతువుల ఆకారంలో కత్తిరించిన పొదలుంటాయి. సింహాలు, ఒక కుక్క, ఒక కుందేలు. జాక్ వాటి వైపు చూస్తే కదలవు. చూపు తిప్పి మళ్ళీ చూస్తే ఇందాక ఉన్నచోట ఉండవు. కాస్త దగ్గరికి వచ్చినట్టుంటాయి. చదువుతుంటే వెన్ను జలదరిస్తుంది. కదలిక అక్షరాల్లో ఎక్కడా లేదు, రెండు చూపుల మధ్య ఖాళీలో ఉంది, ఆ ఖాళీని నింపేది మనమే. కుబ్రిక్ వీటి జోలికి పోకుండా పొదల చిక్కుదారి పెట్టుకున్నాడు. 1997 సిరీస్ మాత్రం మాట తప్పకూడదని ఆ జంతువులను కంప్యూటర్ గ్రాఫిక్స్‌తో నడిపించింది. ఆకుపచ్చ సింహం తెరమీద నిజంగా నడుచుకుంటూ వచ్చింది. నవ్వొచ్చింది. అప్పటి గ్రాఫిక్స్ నాసిరకం అని తోసేయొచ్చు. ఇవాళ్టి గ్రాఫిక్స్‌తో చేసినా పొద సింహం పొద సింహంలాగే ఉంటుందని నా అనుమానం.

దీనికి మన దగ్గర కూడా సాక్ష్యం ఉంది. మా ఇంట్లో బీరువా మీద యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' బైండు ఒకటి ఉండేది. కొన్న పుస్తకం కాదు, ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చినప్పుడు మా పిన్ని వారం వారం పేజీలు చించి, దాచి, కుట్టించినది. కొన్ని పేజీల అంచున వెనకవైపు వంటల శీర్షిక సగం తెగి కనిపించేది. ఓ వేసవి సెలవుల్లో నేను రెండు రోజుల్లో చదివి పారేశానని గొప్పగా చెబితే పిన్ని నవ్వింది. "నీకేంరా, పేజీ తిప్పితే తెలిసిపోయింది. మేం ఆ పసిపిల్లకేమవుతుందో తెలీక వారం దాకా ఆగి చచ్చేవాళ్ళం" అంది. ఆ నవల భయపెట్టిందంటే సగం పుణ్యం ఆ వారం రోజుల ఎదురుచూపుదే. మిగతా సగం ఇంకోచోట ఉంది. తులసి అనే చిన్నపిల్లకు జబ్బు చేస్తుంది. ఒక పక్క డాక్టర్లు, హిప్నాటిజం. ఇంకో పక్క చేతబడి, మంత్రగాళ్ళు, కాష్మోరా అనే క్షుద్రశక్తి. ఇది రోగమా, ప్రయోగమా అని పాఠకుడు రెండు పడవల మీద కాళ్ళు పెట్టి ఊగుతుంటాడు. ఆ ఊగడమే భయం. తర్వాత ఈ నవల కన్నడంలో 'తులసిదళ' పేరుతో 1985లో సినిమా అయింది. దీని కొనసాగింపు 'తులసి' ఆధారంగా తెలుగులో 1986లో 'కాష్మోరా' వచ్చింది. ఏ దర్శకుడైనా సరే, ఇలాంటి కథ చేతికి తీసుకోగానే ఒక చిక్కులో పడతాడు. శ్మశానంలో ముగ్గు, ఎర్ర లైటు, నిమ్మకాయలు ఒక్కసారి తెరమీద కనబడ్డాయా, ప్రేక్షకుడికి తీర్పు చెప్పేసినట్టే. రెండో పడవ మునిగిపోయింది. పేజీ మీద 'అట' అని రాసి తప్పించుకోవచ్చు. కెమెరాకు 'అట' అనడం రాదు.

కెమెరాకు 'అట' నేర్పినవాళ్ళు కొద్దిమందే. వాళ్ళలో ముందు చెప్పాల్సింది 'రోజ్‌మేరీస్ బేబీ' గురించి. ఐరా లెవిన్ నవల 1967లో వచ్చింది, రోమన్ పొలాన్‌స్కీ సినిమా 1968లో. నవలకు ఇంతగా కట్టుబడిన హారర్ సినిమా ఇంకోటి దొరకడం కష్టం. నవలలో ఒక పాత్ర ఫలానా పత్రికలో ప్రకటన చూసి ఒక చొక్కా కావాలంటుంది. అది ఏ సంచికలో పడిందో చెప్పమని పొలాన్‌స్కీ రచయితకు ఫోను చేశాడట. పండగ రోజుల్లో అలాంటి ప్రకటన ఏదో ఒకటి ఉండే ఉంటుందని ఊహించి రాసేశానని లెవిన్ ఒప్పుకోవాల్సి వచ్చింది! అంత చాదస్తంగా నవలను పట్టుకున్న మనిషి ఒక్కచోట మాత్రం వదిలేశాడు. చివర్లో రోజ్‌మేరీ ఉయ్యాల దగ్గరికి వెళ్ళి, సైతాను వల్ల తనకు పుట్టిన బిడ్డను చూస్తుంది. నవలలో లెవిన్ ఆ బిడ్డ కళ్ళు ఎలా ఉన్నాయో, మిగతా రూపం ఎలా ఉందో వర్ణిస్తాడు. సినిమాలో ఉయ్యాలలోని బిడ్డ కనబడదు. ఆమె ముఖం కనిపిస్తుంది. నవల పట్ల గౌరవంతోనే ఆ ఒక్క మాట వినలేదనిపిస్తుంది నాకు.

జపాన్ 'రింగ్'ది ఇంకో తోవ. కోజి సుజుకి 1991లో రాసిన నవలలో, 1998లో హిదియో నకాటా తీసిన సినిమాలో, ఒక వీడియో క్యాసెట్ చూసినవాళ్ళు ఏడు రోజుల్లో చస్తారు. ఈ సినిమా అనగానే అందరికీ గుర్తొచ్చేది జుట్టు ముఖం మీద పరుచుకున్న అమ్మాయి టీవీలోంచి పాక్కుంటూ గదిలోకి వచ్చే సీన్. అది నవలలో లేదు. నవలలో చావు గుండె ఆగి వస్తుంది, ఎవరూ టీవీలోంచి రారు. నవలలో విలేకరి మగవాడు, సినిమాలో ఒక పిల్లాడి తల్లి. ఇన్ని మార్చినా నకాటా అసలు ముడిని ముట్టుకోలేదు: బతకాలంటే ఆ క్యాసెట్‌ను కాపీ తీసి ఇంకొకరికి చూపించాలి. అంటే నీ చావును వేరొకరికి అంటించాలి. చివర్లో తల్లి కొడుకును కాపాడుకోవడానికి కాపీ పట్టుకుని తన తండ్రి ఇంటికి కారులో బయల్దేరుతుంది. టీవీలోంచి పాకి వచ్చిన పిల్లకంటే ఆ కారు ప్రయాణం నాకు ఎక్కువ భయం.

సినిమా చేసిన మార్పు మూలంలోకే ఎక్కి కూర్చోవడం కూడా ఉంది. రక్తపిశాచి ఎండ తగిలితే చస్తుందని చిన్నపిల్లలకు కూడా తెలుసు. 1897 నాటి 'డ్రాక్యులా' నవలలో అది లేదు, అందులో డ్రాక్యులా పట్టపగలు లండన్ వీధుల్లో తిరుగుతాడు, శక్తులు తగ్గుతాయంతే. ఎండతో చంపిన ఘనత 1922 నాటి జర్మన్ మూకీ సినిమా 'నోస్ఫెరాటు'ది. అది హక్కులు కొనకుండా పేర్లు మార్చి తీసిన సినిమా. నవల రాసిన బ్రామ్ స్టోకర్ భార్య కేసు వేస్తే కాపీలన్నీ నాశనం చెయ్యమని కోర్టు తీర్పిచ్చింది. కొన్ని ఎలాగో మిగిలాయి. దొంగసొత్తు నియమమే ఇవాళ అందరి నోటా అసలు నియమం.

ఇలా చెప్పుకుంటూ పోతే ఏ మార్పైనా ఒప్పే అనిపిస్తుంది. కాదు. 2007 చివర్లో నెల తిరగకుండా రెండు సినిమాలొచ్చాయి. రెండూ పేరున్న హారర్ కథలే, రెండూ ముగింపు మార్చినవే.

మొదటిది 'ద మిస్ట్'. కింగ్ రాసిన పెద్ద కథ, ఫ్రాంక్ డారబాంట్ దర్శకుడు. ఊరిని పొగమంచు కమ్ముతుంది, అందులో ఏవో జంతువులు. మూలకథలో తండ్రి, కొడుకు, మరికొందరు కారులో బయటపడతారు. రేడియోలో ఒక ఊరి పేరు లీలగా వినబడుతుంది. ఆ సన్నని ఆశతో కథ ఆగుతుంది. సినిమాలో కారులో పెట్రోలు అయిపోతుంది. ఉన్నది ఐదుగురు, తుపాకీలో నాలుగు గుళ్ళు. తండ్రి తన కొడుకుతో సహా నలుగురినీ కాల్చి, తనకు గుండు మిగలక, చావు కోసం పొగమంచులోకి దిగుతాడు. పొగమంచు విడిపోతుంది. మిలిటరీ వాహనాలు వస్తాయి. ఇంకాసేపు ఆగి ఉంటే సరిపోయేది. ముగింపు మారిస్తే ఎక్కువ డబ్బు పెడతామన్నా డారబాంట్ వినకుండా తక్కువ బడ్జెట్‌తో తీశాడు. 'షైనింగ్' మీద అంత మండిపడ్డ కింగ్ ఈ ముగింపును మాత్రం మెచ్చుకున్నాడు.

రెండోది విల్ స్మిత్ నటించిన 'ఐ యామ్ లెజెండ్'. రిచర్డ్ మాథెసన్ 1954 నవలలో ఒక అంటురోగం మనుషులందరినీ రక్తపిశాచుల్లాంటి వాళ్ళను చేస్తుంది. మిగిలిన ఒకే ఒక్క మనిషి నెవిల్. పగలంతా తిరిగి నిద్రలో ఉన్నవాళ్ళను చంపుతుంటాడు. చివర్లో వాళ్ళకు దొరికి, కిటికీలోంచి వాళ్ళ ముఖాలు చూసినప్పుడు అర్థమవుతుంది. వాళ్ళదొక కొత్త సమాజం. వాళ్ళ పిల్లలను భయపెట్టే కథలో రాక్షసుడు తనే. ఆ పేరులోని 'లెజెండ్' అదే. 2007 సినిమాలో విల్ స్మిత్ మందు కనిపెట్టి, దాన్ని ఒక పిల్లాడితో వచ్చిన స్త్రీ చేతికిచ్చి, ప్రాణత్యాగం చేసి మహానుభావుడవుతాడు. పేరు అదే, అర్థం తలకిందులు. నవలకు దగ్గరగా ఉండే ముగింపు ఒకటి కూడా తీశారు. అందులో ఆ జీవుల నాయకుడు తన తోడును తీసుకుపోవడానికి వస్తాడు, వీళ్ళకూ ప్రేమలున్నాయని హీరోకు తెలిసొస్తుంది. రిలీజుకు ముందు వేసిన షోలలో ప్రేక్షకులకు అది రుచించలేదని పక్కన పెట్టి, తర్వాత డీవీడీలో వదిలారు.

రెండు మార్పులకూ తేడా ఎక్కడుందంటే, డారబాంట్ ఒక భయం తీసి ఇంకో పెద్ద భయం పెట్టాడు. రెండోవాళ్ళు భయం తీసి దాని చోట ఓదార్పు పెట్టారు. కుబ్రిక్ సంఘటనలు మార్చాడు, అసలు భయాన్నే మార్చాడు, అయినా చెల్లింది. ఎందుకంటే ఒక భయానికి ఇంకో భయం బాకీ తీర్చాడు. నా మటుకు నేను గుమాస్తాను తీసేసి ఈ ఒక్క లెక్కే చూస్తున్నాను: తీసుకున్న భయానికి బదులు ఏం ఇచ్చారు?

ఈ లెక్క నిర్మాతల దగ్గర చెల్లదు, ఆ ముక్కా చెప్పాలి. ఓదార్చిన సినిమా ప్రపంచమంతటా 58 కోట్ల డాలర్ల పైన వసూలు చేసింది. ఓదార్చనిది 6 కోట్లు కూడా దాటలేదు. ఓదార్పు లేని ముగింపు మన నిర్మాతలకు కూడా గిట్టదు గానీ, ఈ వ్యవహారంలో హాలీవుడ్‌కు మనం నేర్పాల్సిందేమీ లేదు.

మళ్ళీ ఓవర్‌లుక్ దగ్గరికి వద్దాం. కింగ్ 2013లో 'డాక్టర్ స్లీప్' రాశాడు, పెద్దవాడైన డానీ కథ. తన నవల ప్రకారం హోటల్ ఎప్పుడో కాలిపోయింది కాబట్టి అక్కడ ఇప్పుడు హోటలే లేదు. 2019లో మైక్ ఫ్లానగన్ దాన్ని సినిమా తీయబోతే ఇరకాటం వచ్చింది. జనం కళ్ళల్లో ఉన్నది కుబ్రిక్ హోటల్, అది చెక్కుచెదరకుండా నిలబడి ఉంది. కింగ్‌ను ఒప్పించి ఫ్లానగన్ ఆ హోటల్‌నే మళ్ళీ కట్టించాడు. అవే నడవాలు, అదే తివాచీ. కొత్త నవలలో డానీ బతుకుతాడు. సినిమాలో బతకడు. హోటల్ అతణ్ణి ఆవహిస్తుంది. అంతలో ఒక్క క్షణం అతను మళ్ళీ తనలా అయ్యి, వెంట ఉన్న అమ్మాయిని పారిపొమ్మంటాడు. కింద నేలమాళిగలో బాయిలర్ ఒత్తిడి పెరుగుతూ ఉంటుంది. 1977 నవలలో తండ్రి చేసిన పని, 1980 సినిమా చేయనివ్వని పని, 39 ఏళ్ళ తర్వాత కొడుకు చేతుల మీదుగా జరిగింది. ఈ నవలకు మాట తప్పి ఆ నవలకు మాట నిలబెట్టాడన్నమాట.

ఓవర్‌లుక్ ఎట్టకేలకు తెరమీద కాలిపోయింది. దెయ్యం గది తలుపు మీద నంబరు మాత్రం 237.